వాగు దగ్గర లెస్తా ఏం చేసింది?

ఎర్కోలే బ్రెనా గుండెల్లో దిగిన సీసపు గుళ్ళు ముందు అతని కోటుకు చిల్లులు పెట్టాయి. కానీ ఆ కోటు శవం మీద లేదు, రెండు పొలాల అవతల నేల మీద చాపలా పరిచి ఉంది, దాని మీద అతని వేటకుక్క ముడుచుకుని పడుకుని ఉంది.

ఊరి పోలీసు ఠాణా అధికారి మార్షల్ నెస్తోరే రొవాతీ ముందు శవాన్ని చూశాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి నవంబరు చలిలో ఒట్టి చొక్కాతో వెల్లకిలా పడి ఉన్నాడు. చొక్కా చిల్లులూ, తర్వాత చూసిన కోటు చిల్లులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అంటే కాల్చినప్పుడు కోటు ఒంటి మీదే ఉంది, ప్రాణం పోయాక ఎవరో విప్పారు. అతని తుపాకీ పక్కనే గడ్డిలో పడి ఉంది. రెండు గొట్టాల్లోనూ తూటాలు పేలకుండా అలాగే ఉన్నాయి. పుట్టగొడుగుల కోసం వచ్చిన ఆడవాళ్ళు చూసి కబురు పెట్టేసరికి చర్చిలో రెండో గంట మోగింది. అప్పటికీ పొగమంచు పూర్తిగా విడలేదు.

తర్వాత కోటు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపలి వైపు పైకి తిప్పి, చేతులు రెండూ చాపి, ముడతలు లేకుండా పరిచారు. విసిరేసిన కోటు అలా పడదు. పక్కనే దున్నిన మట్టిలో ఒక మోకాలి గుంట, దాన్ని ఆనుకుని కుక్క కాళ్ళ గుర్తులు ఉన్నాయి. తెల్లవారుజామున ముసలాయన ఇక్కడే ఒంగి తాడు విప్పాడు. కుక్కను వదిలిన చోటు ఇదే.

 ఆ లోయలో పుట్టినవాడికి ఆ కోటు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కుక్క కుందేలు వెంటపడి కొండ దాటి కనబడకుండా పోతే, వేటగాడు దాన్ని వదిలిన చోటే కోటు విప్పి, తన ఒంటి వాసన పైకి ఉండేలా పరిచి ఇంటికి పోతాడు. కుక్క ఎప్పుడు తిరిగొచ్చినా దాని మీద పడుకుంటుంది, యజమాని వచ్చేదాకా కదలదు. చలికి వణుకుతూ స్వెట్టరుతో ఇంటికొచ్చిన తండ్రిని నెస్తోరే చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాడు.

హంతకుడు మనిషిని చంపాడు. ఆ తర్వాత కుక్క తప్పిపోతుందేమోనని దిగులుపడ్డాడు.

ఎర్కోలే కుక్క లెస్తా తలెత్తి చూసిందే గాని లేవలేదు. నల్లటి ఒళ్ళు, కనుబొమల మీదా, మూతి పక్కలా, కాళ్ళ మీదా కాలిన ఇటుక రంగు. సన్నటి పొడవాటి తల, కొద్దిగా వంపు తిరిగిన ముక్కు దూలం, చెంపలకు అంటుకుని త్రికోణాల్లా వేలాడే చెవులు. కొవ్వు లేదు, అంతా కండే. ఒంటి మీద ఎక్కడా తెల్ల వెంట్రుక లేదు. ఈ లోయలో సెగూజో వేటకుక్క అంటే ఇలాగే ఉండాలి.

"కుక్కతో మాటలు అయ్యాయా మార్షల్?"

వోగేరా పట్నం నుంచి వచ్చిన కెప్టెన్ తెబాల్దో లాండీ గట్టు మీద నిలబడి ఉన్నాడు. నెస్తోరే కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, హోదాలో మూడు మెట్లు పైవాడు. వచ్చిన అరగంటలోనే మనిషిని పట్టుకున్నాడు. ఆ పొలం బాత్తిస్తా గుయ్దాది. వేటగాళ్ళు తన గడ్డి తొక్కేస్తున్నారని, కుక్కలకు మాంసంలో గాజుపెంకులు కలిపి పెడతానని పోయిన నెల సత్రంలో అందరి ముందూ అరిచినవాడు. ఇంట్లో తుపాకీ ఉంది, అవే గుళ్ళు. ఉదయం పొలంలోనే ఉన్నానని తనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు సంకెళ్ళతో జీపులో కూర్చుని ఉన్నాడు.

నెస్తోరే కోటు సంగతి వివరంగా చెప్పాడు. కెప్టెన్ చేతిగడియారం చూసుకుంటూ విన్నాడు. ఎర్కోలే బతికున్నాడో లేదో చూద్దామని బాత్తిస్తా కోటు విప్పి ఉంటాడని, భయపడి విసిరేసి ఉంటాడని తేల్చేశాడు.

"విసిరింది రెండు పొలాల దూరం వెళ్ళి, చేతులు చాపుకుని పడుకుందా సార్?"

"మీ ఊరివాడని వెనకేసుకొస్తున్నారు."

"మా ఊరివాడే. చంపినవాడూ మా ఊరివాడే, అందుకే చెప్తున్నా. కుక్కలకి గాజుపెంకులు పెడతానన్నవాడు కుక్క కోసం కోటు పరవడు. ఇది కుక్కలవాళ్ళ పని."

"కుక్కల సంగతి మీరు చూసుకోండి. మనుషుల సంగతి నాకు వదిలెయ్యండి."

జీపును సంత మీదుగా తీసుకెళ్తానని కెప్టెన్ అన్నాడు. శనివారం. కొండ మీది ఊళ్ళన్నీ సంతలోనే ఉంటాయి. కిందటి శీతాకాలం రెండు కుక్కలు విషం తిని చచ్చిపోతే నెలరోజులు బాత్తిస్తా దగ్గర ఎవరూ చుక్క పాలు కొనలేదు. నక్కల కోసం ఇంకెవరో పెట్టిన మందని తర్వాత తేలింది. క్షమించమని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు సంకెళ్ళతో సంతలో కనబడితే, రేపు జడ్జి వదిలేసినా ఊరు వదలదు. ఆవులు అమ్ముకుని పోవలసిందే. కింది రోడ్డున వెళ్దామని నెస్తోరే అడిగాడు. పత్రికవాళ్ళని సంతకే రమ్మన్నానని కెప్టెన్ చెప్పాడు.

"కుక్కలు తెలిసిన ఒక్క మనిషిని అడగనివ్వండి. మీరూ రండి. బాత్తిస్తా జీపులోనే ఉంటాడు, ఎక్కడికీ పోడు. నా మాట తప్పైతే సంతలో జీపు నేనే నడుపుతా."

ఆ చివరి మాట కెప్టెన్‌కి నచ్చింది.

జీపులో బాత్తిస్తా మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. అతని దగ్గర మాటలు రాబట్టడానికి నెస్తోరే చాలాసేపు ఓపిక పట్టాల్సి వచ్చింది. పాలు పిండి పొలానికి వచ్చానని, మంచులో తన చెయ్యి తనకే కనబడలేదని, కుక్క గొంతు మాత్రం మొదటినుంచీ విన్నానని చెప్పాడు. వాగు దాకా అరుస్తూ వచ్చింది. అక్కడ ఆగిపోయింది. చాలాసేపు కిక్కురుమనలేదు. మళ్ళీ ఒక్కసారిగా ఎత్తుకుంది, ఈసారి తిరిగి ఇటువైపే. దగ్గరికొచ్చింది, తుపాకీ పేలింది, అయినా అరుపు ఆగలేదు. అలాగే అరుచుకుంటూ కొండ మీదికి పోయింది.

"ఒక్కటే పేలిందా?"

"ఒక్కటే. కుందేలు తప్పించుకుందని సంతోషపడ్డాన్రా అబ్బాయ్." బాత్తిస్తా పొడిగా నవ్వాడు. "వాగు దగ్గర అది దిక్కుతోచక నిలబడిపోయి ఉంటది. ముసలాడెళ్ళి మెడ పట్టుకుని దారి చూపించి ఉంటాడు. ఇవీ మీ గొప్ప కుక్కలు."

ఆ మాటను నెస్తోరే మనసులో భద్రంగా దాచుకున్నాడు.

లెస్తాను కోటుతో సహా జీపు ఎక్కించి బయల్దేరారు. ఎర్కోలే ఇల్లు దారిలోనే ఉంది. లెస్తాకి నీళ్ళు పెట్టడానికి దిగి, వెనక దొడ్లోకి వెళ్ళిన నెస్తోరే అక్కడే ఆగిపోయాడు. గడ్డి మీద రెండు నెలల కుక్కపిల్లలు ఐదు ఉన్నాయి. లెస్తాను చూడగానే ఎగబడ్డాయి. వాటిలో మూడింటికి మెడ చుట్టూ తెల్లపట్టీ, నుదుటి మీద తెల్లచార, తెల్లటి కాళ్ళు. గుండె మీద చిటికెడు తెలుపుంటే సర్దుకుంటారు. ఇలా పట్టీ కట్టినట్టుంటే మాత్రం పుట్టిన రోజే బకెట్లో నీళ్ళు నింపుతారు. ఎర్కోలే వాటిని రెండు నెలలు దాచి పెంచాడు. ఎందుకో?

"బాగున్నాయే," అన్నాడు కెప్టెన్ ఒకదాన్ని ఎత్తుకుని. ఆ లోయలో ఆ పిల్లల్ని బాగున్నాయన్న మొదటి మనిషి అతనే అయి ఉంటాడు.

మాస్టారు ఇలారియో ఫస్సాతీ ఇల్లు లోయకు ఇవతలి గట్టున, ఎత్తు మీద ఉంది. ముప్ఫై ఏళ్ళు బడి నడిపి, ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. నెస్తోరే కూడా ఆయన బెత్తం తిన్నవాడే. అంతకంటే పెద్ద పేరు ఆయనకు కుక్కల వల్ల వచ్చింది. లొంబార్దీలో ఎక్కడ సెగూజోల పోటీ జరిగినా న్యాయనిర్ణేత ఆయనే. ఆయన వేలు పెట్టి చూపించిన కుక్క బతికేది, తల అడ్డంగా ఊపిన కుక్క సంతానం బకెట్లోకి పోయేది. రేపు ఆదివారం సత్రంలో వేటగాళ్ళ సంఘం ఆయనకు బంగారు పతకం ఇవ్వబోతోంది.

తలుపు తీసి, ముందు కుక్కను చూశాడు, తర్వాత మనుషుల్ని. ఎర్కోలే చనిపోయిన సంగతి అప్పటికే రొట్టెలవాడు చెప్పి వెళ్ళాడట. కుర్చీలు చూపించాడు, గ్లాసుల్లో ఎర్రటి వైన్ పోశాడు. మోకాలి నొప్పి వల్ల మూడు రోజులుగా గడప దాటలేదన్నాడు. లెస్తా తిన్నగా వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది.

నెస్తోరే కోటు గురించి అడగలేదు. జాతి గురించి అడిగాడు. కెప్టెన్‌గారికి ఈ కుక్కల సంగతి తెలీదు, మీ నోట వింటే బాగుంటుందన్నాడు. మాస్టారి ముఖం కొంచెం వెలిగింది. లెస్తా గడ్డం కింద చెయ్యి పెట్టి తల పక్కకు తిప్పాడు. ఫొనీషియా వర్తకులు ఓడల్లో తెచ్చిన సన్నటి పరుగుకుక్కకూ, ఉత్తరాన కెల్టు తెగలవాళ్ళు పెంచిన బరువైన వాసనకుక్కకూ ఈ జాతి పుట్టిందని చెప్పాడు. ఒకదాని కాళ్ళు, ఒకదాని ముక్కు. నాలుగువందల ఏళ్ళ నాటి రాజుల వేట చిత్రాల్లో కూడా ఇదే తల, ఇవే చెవులు. తుపాకులొచ్చాక ప్రభువులు వదిలేస్తే రైతులు పట్టుకున్నారు. యుద్ధంలో మనుషులకే తిండి లేదు, కుక్కలకెక్కడిది? లోయలో జాతి తుడిచిపెట్టుకుపోయిందనుకున్నప్పుడు ఎర్కోలే పాకలో ఒక్క కూన మిగిలింది. దాని పేరు తూర్కో. ఇవాళ లోయలో ఉన్న ప్రతి కుక్కా దాని సంతతే. ఆ తల కొలతలు పెట్టుకునే తను ఇరవై తొమ్మిదేళ్ళుగా మిగతా తలలన్నీ కొలిచాడు.

"అంటే మొదటినుంచీ ఇది సంకరమే అన్నమాట," అన్నాడు కెప్టెన్.

"రెండువేల ఏళ్ళ సంకరాన్ని జాతి అంటారు కెప్టెన్‌గారూ. నిన్నటి సంకరాన్ని తప్పంటారు."

ఎర్కోలే దొడ్లో తెల్లపట్టీ పిల్లలున్నాయని నెస్తోరే చెప్పాడు. తనకు తెలీదన్నాడు మాస్టారు. అలాంటివి ఉంచకూడదన్నాడు. గొంతు మారలేదు గానీ, చెయ్యి లెస్తా గడ్డం కింద నుంచి వెనక్కి వచ్చేసింది.

"పొద్దున దీని గొంతు విన్నారా మాస్టారూ?"

కిటికీ తెరిచే ఉంటుంది, లోయంతా వినిపిస్తుంది, విన్నానన్నాడు.

నెస్తోరే గ్లాసులో వైన్ తిప్పుతూ, పెద్దగా పట్టనట్టు చెప్పాడు. "బాత్తిస్తా అయితే వేరేలా అంటున్నాడు. వాగు దగ్గర జాడ పోగొట్టుకుని ఇది దిక్కుతోచక నిలబడిపోయిందట. ఎర్కోలే వెళ్ళి మెడ పట్టుకుని దారిలో పెట్టాడట. శవ పంచాయతీలో కూడా ఇదే చెప్తాడు. రేపు సంఘం వాళ్ళూ వింటారు. తూర్కో మనవరాలు వాగు దగ్గర చేతులెత్తేసిందని."

"వాడికేం తెలుసు?"

"మంచులో ఉన్నది వాడొక్కడే కదా."

"ఆవుల పేడ తప్ప వాడికి వాసన తెలుసా?" మాస్టారు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. వైన్ తొణికింది. "ఎర్కోలే అడుగు కదల్లేదు. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. కుందేలు వాగు ఒడ్డు దాకా వచ్చి, తన అడుగుల మీదే వెనక్కి నడిచి, పక్కకి ఒక్క దూకు దూకింది. ఇంకో కుక్కయితే గోల చేస్తూ వాగులో పడేది. ఇది నోరు మూసుకుంది. ముందు ఎడమకి వెళ్ళింది, ఒడ్డంతా చూసుకుంది, లేదు. వెనక్కొచ్చింది. పెద్ద అర్ధచక్రం తిరిగింది, ముక్కు నేలకి ఆన్చి. ముళ్ళపొద దగ్గర తోక ఊపు మారింది, నెమ్మదిగా ఊగేది గిరగిరా తిరిగింది. అప్పుడు కూడా అరవలేదు, తల పెట్టి మళ్ళీ చూసుకుంది, నిజమేనని తేలాకే నోరు విప్పింది. అబద్ధం చెప్పని కుక్క అంటే అది. నూటికి నూరు మార్కులు."

కెప్టెన్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కుక్కల సంగతి తెలియనివాడికి కూడా ఏదో తగిలింది.

 నెస్తోరే, బడిలో తప్పు లెక్క చేసిన పిల్లాడిలా, తల వంచుకుని అన్నాడు. "అరిచినంతసేపూ మీ కిటికీలోంచి వినొచ్చు మాస్టారూ. అరవనప్పుడు ఏం చేసిందో ఎలా విన్నారు?"

మాస్టారు కిటికీ వైపు చూశాడు. లోయకు అవతలి గట్టు ఇంకా మంచులోనే ఉంది.  ఆ కుక్క పనితనం గురించి ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నిలబడిపోయిందని ఒప్పుకుంటే సరిపోయేది. అది ఆయనకు చేతకాలేదు.

"బాత్తిస్తా ఎక్కడున్నాడు?" అని అడిగాడు చివరికి.

"మీ వాకిట్లోనే. జీపులో. సంకెళ్ళతో."

మాస్టారు గోడ పట్టుకుని లేచాడు, కిటికీలోంచి కిందికి చూశాడు. బాత్తిస్తా తల మీద టోపీ లేదు. పక్కింటావిడ అప్పటికే గుమ్మంలో నిలబడి వాణ్ణి చూస్తోంది.

"సంకెళ్ళు తీయించు నెస్తోరే. ఆమె చూస్తుండగా తీయించు. అప్పుడు చెప్తా."

నెస్తోరే కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ ముఖం ఎర్రబడింది, తనే మెట్లు దిగి వెళ్ళాడు. కింద ఇనుము చప్పుడు వినిపించింది. బాత్తిస్తా మణికట్లు రుద్దుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, తన ఇంటి దారి పట్టి నడిచి వెళ్ళిపోయాడు. కెప్టెన్ తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాక మాస్టారు మొదలుపెట్టాడు. పాఠం చెప్పినట్టే, తొందర లేకుండా చెప్పాడు.

"పొద్దున నన్ను రమ్మని పిలిచింది ఎర్కోలే. రేపు పతకం తీసుకోబోయే ముందు నాకో సంగతి చెప్పాలట. లెస్తాని వదిలాక చెప్పాడు. ఆ పిల్లల్ని బకెట్లో వెయ్యనని, తన వల్ల కాదని చెప్పాడు. తప్పు వాటిది కాదు, తనదన్నాడు. పంతొమ్మిదివందల నలభై ఐదు వసంతంలో తన దగ్గర ఆడకుక్క ఒక్కటే మిగిలిందట. జత కట్టడానికి లోయలో మన కుక్క లేదు. జర్మన్లు పారిపోతూ మిల్లు దగ్గర వాళ్ళ మేజర్ వేటకుక్కని వదిలేసి పోయారు. మెడ చుట్టూ తెల్లపట్టీ ఉన్న కుక్క. తూర్కో తండ్రి అదే. పుట్టిన కూనల్లో తెలుపు లేనిదాన్ని ఒక్కదాన్ని ఉంచి, నాకు తెచ్చి చూపించాడు. నేను దాని తల కొలిచి, రాజుల చిత్రాల్లో ఉన్న కుక్క ఇదే అన్నాను. ఆయన ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

"నీకు తెలుసు, మా తమ్ముడు ఎలా పోయాడో. అందరికీ తెలుసు. నలభై నాలుగు డిసెంబరులో ఇద్దరం జర్మన్లకు దొరక్కుండా అడవిలో దాక్కున్నాం. నేను ఆకుల కింద పడుకున్నా. వాడు పరిగెత్తాడు. ఆ మేజర్ కుక్కని వాడి వెనక వదిలారు. అది కొండ చుట్టూ అరుచుకుంటూ పోతుంటే నేను మట్టి కరుచుకుని ఆ గొంతు విన్నా, ఆగేదాకా విన్నా. ఎర్కోలేకి అదీ తెలుసు. అందుకే ఇన్నేళ్ళు చెప్పలేదన్నాడు. ఇప్పుడు చచ్చేముందు బరువు దించుకోవాలనిపించిందట. నన్ను క్షమించు ఇలారియో అన్నాడు.

"సరిగ్గా అప్పుడు, మంచు కాస్త పలచబడిన వాగు ఒడ్డున, మా కళ్ళ ముందే ఇది నోరు విప్పింది. మా వైపే వస్తోంది. నేను తుపాకీ ఎత్తింది దీని మీదికే నెస్తోరే, ఒట్టు. ఎర్కోలే రెండు చేతులూ చాపి అడ్డం వచ్చాడు. అడ్డం వచ్చింది నాకు కనబడింది. కనబడే నొక్కాను. నన్నేం తప్పించాలని చూడకు. ఇది ఆయన పక్కనుంచే కుందేలు వెనక పోయింది, తల తిప్పలేదు. రెండో గొట్టంలో తూటా ఉంది. కాల్చలేకపోయాను. తర్వాత ఇది కింది రోడ్డు మీదికి పోతుందేమో, లారీ కింద పడుతుందేమో అని భయం వేసింది. కోటు తీసి పరిచాను. ఇంతసేపూ కూర్చుని దానికే నవ్వుకుంటున్నా.

"ఒక్కటే అర్థం కాలేదు ఇన్నేళ్ళూ, ఇవాళ తెలిసింది. తూర్కో పిల్లలు గొంతెత్తినప్పుడల్లా నాకు కళ్ళనీళ్ళు వచ్చేవి. పోటీల్లో అందరి ముందూ ఏడ్చేవాణ్ణి, మాస్టారిది ఎంత సున్నితమైన చెవి అని చెప్పుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నా. అందానికి వస్తున్నాయనుకుని, ఆ గొంతుకి ఇరవై తొమ్మిదేళ్ళు అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను."